తృణము మేసిన సార్వభౌముడు

రాజుల చరిత్రలు రెండు విధములు. ఒకటి రాజు తాను వ్రాయించుకొన్నది. రెండవది ఆతని పాదముల క్రింద నలిగిన ప్రజలు జ్ఞాపకముంచుకొన్నది. మొదటిది శిలలపైనను, లోహపత్రములపైనను, ఇటుకలపైనను నిలుచును. రెండవది తల్లులు బిడ్డలకు చెప్పు కథలలోను, ఆరాధనామందిరములలో చదువుకొను గ్రంథములలోను నిలుచును. ప్రాచీనరాజులలో పెక్కుమంది విషయమున ఈ రెండింటిలో ఏదో యొకటి మాత్రమే మనకు దక్కినది. రెండును సమృద్ధిగా దక్కిన వారు అరుదు. అట్టివారిలో ప్రముఖుడు బబులోను చక్రవర్తి నెబుకద్నెజరు.

ఆతడు క్రీ.పూ. 605 మొదలు 562 వరకు, 43 సంవత్సరములు, రాజ్యమేలెను. ఆతని పేరు ముద్రించిన ఇటుకలు ఇరాకు దేశపు మట్టిలోనుండి వేలకొలదిగా బయటపడినవి. ఆ ఇటుకలు చెప్పు కథ విజయములది, నిర్మాణములది, దేవపూజలది. ఆతనిచేత దేశమును, దేవాలయమును కోల్పోయిన యూదులు మరియొక కథ చెప్పిరి. గర్వాంధుడైన ఆ రాజు దైవదండనమునకు గురియై, మతి చలించి, ఎద్దులవలె గడ్డి మేసి, తుదకు ఆకాశము వైపు కన్నులెత్తి మరల మనుష్యుడాయెనని వారి పవిత్రగ్రంథము చెప్పుచున్నది. ఈ రెండు సాక్ష్యములను ఒకదాని ప్రక్కన నొకటి యుంచి పరిశీలించినగాని ఆతని జీవితము సమగ్రముగా బోధపడదు.

మట్టి మోసిన రాకుమారుడు

బబులోను నగరము యూఫ్రటీసు నదీతీరమున, నేటి బాగ్దాదునకు దక్షిణముగా సుమారు 85 కిలోమీటర్ల దూరమున నుండెను. క్రీ.పూ. 18వ శతాబ్దమున హమ్మురాబి కాలములో అది మహోన్నతదశ నందెను. పిమ్మట కొన్ని శతాబ్దులకు ఉత్తరమున విజృంభించిన అష్షూరు రాజుల యేలుబడి దానిపై బడెను. క్రీ.పూ. 689లో అష్షూరు రాజైన సన్హెరీబు ఆ నగరమును నేలమట్టము చేసి, దానిమీదికి కాలువల నీటిని మళ్లించెను. ఆతని కుమారుడు నగరమును మరల కట్టించెను గాని, ఆ పరాభవమును బబులోను ప్రజలు మరువలేదు.

క్రీ.పూ. 626లో నబోపలస్సరు అను నాయకుడు బబులోను సింహాసన మధిష్ఠించి అష్షూరుపై కత్తి గట్టెను. ఆతడు రాజవంశమున బుట్టినవాడు కాడు. తానొక అనామకుని కొడుకునని తన శాసనమునందు తానే చెప్పుకొనెను. మాదీయులతో మైత్రి చేసికొని, క్రీ.పూ. 612లో అష్షూరు రాజధానియైన నీనెవెను కూల్చెను. ఆతని జ్యేష్ఠపుత్రుడే నెబుకద్నెజరు. బబులోను భాషలో ఆ పేరు నబూ కుదుర్రి ఉసుర్. తన వారసుని రక్షింపుమని నబూ దేవునికి చేయు ప్రార్థనయే ఆ పేరునకు అర్థము.

ఆ రాకుమారుని బాల్యమును గూర్చి మిగిలిన వార్త ఒక్కటే, కాని అది మిక్కిలి ముచ్చటయైనది. బబులోను కులదేవతయగు మార్దూకునకు ఆకాశమంత యెత్తున గోపురము నిర్మింప బూనినప్పుడు నబోపలస్సరు రాజవస్త్రమును పైకి మడిచి, తలపై ఇటుకలును మట్టియు మోసెను. కూలివారితోపాటు పెద్దకుమారునిచేతను మట్టి మోయించెను. ఈ సంగతి ఆ తండ్రి శాసనముననే యున్నది. తరువాతికాలమున లోకములోని మహానగరముల నన్నింటిని మించిన నగరమును కట్టించిన చక్రవర్తి మొదట మట్టితట్ట నెత్తిన బెట్టుకొన్నవాడే.

దండయాత్రలు

అష్షూరు కూలిన పిమ్మట దాని సామ్రాజ్యము ఎవరికి దక్కవలెనను ప్రశ్న బయలుదేరెను. ఐగుప్తు రాజైన నెకో యూఫ్రటీసు వరకు సేనలు నడిపి కర్కెమీషు అను రేవుపట్టణమున విడిసెను. క్రీ.పూ. 605లో వృద్ధుడైన తండ్రి ఇంటియొద్ద నుండగా యువరాజు నెబుకద్నెజరు సేనాధిపత్యము వహించి, నది దాటి, ఐగుప్తు సైన్యమును అక్కడనే చిత్తుగా ఓడించెను. పలాయితులను తరుముకొని పోవుచుండగా తండ్రి మరణించిన వార్త వచ్చెను. రాజులేని సింహాసనమునకు ఎందరో హక్కుదారులు పుట్టుకొనివత్తురు. అందుచేత ఆతడు కొద్దిమంది అనుచరులతో ఎడారిమార్గమున రాజధాని చేరెనని, ఆ దేశమున మూడుశతాబ్దుల తరువాత పుట్టిన బెరోస్సస్ అను పురోహితుడు చెప్పెను. తండ్రి మరణించిన మూడు వారములకే ఆతడు సింహాసన మెక్కెను.

ఈ వివరములు మనకు తెలియుట మట్టిపలకల పుణ్యము. బబులోను లేఖకులు ఏటేటి ముఖ్యసంఘటనలను పచ్చిమట్టి పలకలపై బాణపుమొనల వంటి అక్షరములతో వ్రాసియుంచెడివారు. నెబుకద్నెజరు తొలి యేండ్ల పలక బ్రిటిషు మ్యూజియములో నుండగా, 1956లో వైజ్‌మన్ అను పండితుడు దానిని చదివి ప్రకటించెను. ఆ లేఖకుల శైలి పొడిగా నుండును. రాజు పశ్చిమదేశమునకు పోయెను, కప్పము తీసికొనెను, తిరిగి వచ్చెను. వారి వాక్యములు ఇంతియే. అయినను వారు నిజాయితీ గలవారు. క్రీ.పూ. 601లో ఐగుప్తు సరిహద్దున జరిగిన యుద్ధమున ఉభయపక్షములకును గొప్ప నష్టము కలిగెననియు, మరుసటి యేడు రాజు ఎక్కడికిని కదలక రథములను, గుఱ్ఱములను సమకూర్చుకొనెననియు దాపరికము లేక వ్రాసిరి.

యెరూషలేము పతనము

ఐగుప్తునకును బబులోనునకును నడుమ ఇరుకున బడిన చిన్నరాజ్యము యూదా. రెండు మదపుటేనుగులు పోరుచుండగా నడుమనున్న పూలమొక్క గతి యేమగునో యూదా గతియు అదియే యాయెను. దాని రాజు యెహోయాకీము మూడేండ్లు నెబుకద్నెజరునకు కప్పము కట్టి, ఐగుప్తును నమ్ముకొని తిరుగబడెను. బబులోను సేనలు వచ్చి ముట్టడించునప్పటికి ఆతడు మరణించెను. 18 ఏండ్ల కుమారుడు యెహోయాకీను రాజై మూడు నెలలు మాత్రమే గడిచెను. క్రీ.పూ. 597 మార్చి నెలలో యెరూషలేము లొంగిపోయెను. ఈ సంగతిని బబులోను పలకయు, హెబ్రీయ గ్రంథమును ఒకే తీరుగా చెప్పుచున్నవి. బాలరాజును, రాజమాతను, అధికారులను, కంసాలులను, కమ్మరులను, యోధులను వేలకొలదిగా బబులోనుకు చెరగొనిపోయిరి. యెహెజ్కేలు ప్రవక్త ఆ గుంపులోనివాడే.

నెబుకద్నెజరు నగరమును అప్పటికి కాల్చలేదు. బాలరాజు పినతండ్రికి సిద్కియా అను పేరు పెట్టి, ప్రమాణము చేయించి, సింహాసనమున కూర్చుండబెట్టెను. సిద్కియా మెత్తనివాడు, కొలువులోని ఐగుప్తుపక్షమువారి మాట కాదనలేకపోయెను. యిర్మీయా ప్రవక్త మాత్రము బబులోనుకు లోబడియుండుటయే మేలని మొగమాటము లేక చెప్పెను. స్వజనుల పాపములను శిక్షించుటకు దేవుడు నెబుకద్నెజరును సాధనముగా గైకొనెననియు, ఆ పరదేశిరాజు దేవుని సేవకుడనియు ఆతడు చాటెను. శత్రువును దైవసేవకుడనిన వానిని దేశద్రోహి యనక ప్రజలు మరేమందురు? యిర్మీయాను కొట్టి, బురదగోతిలో దింపిరి.

సిద్కియా తుదకు తిరుగబడెను. నెబుకద్నెజరు సేనలు మరల వచ్చి చుట్టును ముట్టడిదిబ్బలు వేసిరి. ఏడాదిన్నరకు నగరములో ఆహారము పూర్తిగా నిండుకొనెను. క్రీ.పూ. 587 లేక 586 వేసవిలో ప్రాకారము పగిలెను. రాత్రివేళ పారిపోయిన సిద్కియాను యెరికో మైదానమున పట్టుకొని, రిబ్లాలో విడిసియున్న నెబుకద్నెజరు నెదుటికి కొనిపోయిరి. ఆ తండ్రి చూచుచుండగా కుమారులను చంపి, పిమ్మట ఆతని కన్నులు పెరికించి, ఇత్తడిసంకెళ్లతో బబులోనుకు పంపిరి. ఆ కన్నులు చూచిన కడపటి దృశ్యము బిడ్డల మరణము. మాట తప్పిన సామంతునకు ఆనాటి రాజనీతి విధించు శిక్ష యిట్టిదే కావచ్చును. కాని, యూదుల గ్రంథము ఆ సంగతిని విశేషణ మొక్కటియు వాడక చెప్పినందున చదువరి గుండె మరింత బరువెక్కును.

నెల తిరుగగానే నెబూజరదాను అను అధికారి వచ్చి దేవాలయమును, రాజనగరును, గొప్పవారి యిండ్లను కాల్చి, ప్రాకారములను పడగొట్టించెను. సొలొమోను నాటి ఇత్తడిస్తంభములను ముక్కలు చేసి బబులోనుకు తరలించిరి. ద్రాక్షతోటలు చూచుకొనుటకు నిరుపేదలను మాత్రము విడిచిరి. ఆశ్చర్యమేమనగా, యిర్మీయాను బాధింపక ఆదరింపుమని నెబుకద్నెజరే ఆజ్ఞ యిచ్చెనని ఆ ప్రవక్త గ్రంథము చెప్పుచున్నది. క్రూరుడని ఒక్కమాటతో తేల్చివేయుటకు వీలులేని మనుష్యుడాతడు.

చెరకు పోయిన బాలరాజు యెహోయాకీను కథకు మట్టిపలకలే సాక్షులు. బబులోను రాజభవనశిథిలములలో దొరికిన కోష్ఠాగారపు లెక్కలలో యూదా రాజునకును, ఆతని యైదుగురు కుమారులకును ఇచ్చిన నూనె కొలతలు వ్రాసియున్నవి. 1939లో వైడ్నర్ అను పండితుడు వానిని ప్రకటించెను. రాజ్యము పోయిన రాజునకు కొలిచి పోసిన నూనె లెక్క రెండువేల యైదువందల యేండ్లు మట్టిలో భద్రముగా నుండుట కాలము చేసిన చిత్రము.

నగర నిర్మాత

దండయాత్రలవలన వచ్చిన ధనమును, చెరబట్టి తెచ్చిన శ్రామికుల బలమును నెబుకద్నెజరు తన నగరనిర్మాణమునకు వినియోగించెను. జంట ప్రాకారములు, అగడ్తలు, రాజభవనములు, దేవాలయములు ఒకదానివెంట నొకటి లేచెను. తండ్రి మొదలుపెట్టిన గోపురమును ఆతడు పూర్తి చేసెను. దాని పునాది ఒక్కొక్క వైపున సుమారు 91 మీటర్లు. ఇష్తారు దేవత పేరిట కట్టించిన మహాద్వారమునకు నీలివన్నె మెరుగు ఇటుకలు తాపించి, వానిపై వృషభములను, విచిత్రసర్పమృగములను తీర్పించెను. దేవతల ఊరేగింపు సాగు రాజవీథికి ఇరుప్రక్కల గోడలపై సింహములు బారులు తీరియుండెను. 1899 మొదలు 1917 వరకు కోల్డ్‌వే అను జర్మను పురావస్తుశాస్త్రజ్ఞుడు ఈ శిథిలములను త్రవ్వించెను. ఆ ఇటుకముక్కలను కూర్చి బెర్లినులో తిరిగి నిలిపిన ద్వారము 1930 నుండి లోకులకు కనుల పండువయ్యెను.

లెబానోను పర్వతములలోని బ్రీసా లోయయందు ఆతని శాసనములు, శిల్పములు కొండరాతిపై నున్నవి. ఒక శిల్పమున రాజు చెట్టు ముందు నిలిచియున్నాడు. వేరొకదానియందు సింహముతో పోరుచున్నాడు. దేవదారువృక్షములను తన చేతులతో నరికి బబులోనుకు తరలించితినని ఆతడచ్చట చెప్పుకొనెను. సర్వజనులను బబులోను శాశ్వతచ్ఛాయలో సుఖముగా చేర్చితినని కూడ చాటెను. ఈ వృక్షమును, ఈ నీడను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

ఆతని శాసనములలో పెద్దదొకటి 19వ శతాబ్దారంభమున ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారి చేతికి చిక్కి, లండనులోని వారి కార్యాలయమును చేరెను. ఆ కాలముననే కంపెనీవారు మన తీరాంధ్రమునను పాలన సాగించుచుండిరి. ఒక సామ్రాజ్యపు గర్వశాసనము మరియొక సామ్రాజ్యపు గృహాలంకారమైన తీరు ఆలోచింపదగినది. నేడది బ్రిటిషు మ్యూజియములో నున్నది. రాజభవనము పనిని పదునైదు దినములలో ముగించితినని అందులో ఆతడు చెప్పెను.

లోకాద్భుతములలో నొకటియని గ్రీకులు పొగడిన వ్రేలాడు తోటలను ఈతడే, కొండల నాడునుండి వచ్చిన రాణి కొరకు, నిర్మించెనని ప్రసిద్ధి. కాని, ప్రతి గోడను, ప్రతి కాలువను పేరుపేరున చెప్పుకొన్న ఈ రాజు శాసనములలో తోటమాట లేదు. అవి నిజముగా నీనెవెలో సన్హెరీబు పెంచినవని ఈ కాలపు పండితురాలు స్టెఫనీ డాలీ వాదించినది. గొప్పవారి పేరిట గొప్పకథలు తమంత తామే చేరుననుటకు ఇదియొక నిదర్శనము.

ఒక సంగతి గమనింపవలెను. నెబుకద్నెజరు నాస్తికుడు కాడు. ఆతని శాసనములలో సగము ప్రార్థనలే. తనను మార్దూకు దేవాలయపోషకుడనియే తరచుగా చెప్పుకొనెను. కనుక హెబ్రీయ గ్రంథము ఆతనిపై మోపిన నేరము దేవుని నమ్మకపోవుట కాదు; తన నగరమును, తన వైభవమును తన బాహుబలమువలననే కలిగినవని తలచుట. ఆలయములు కట్టించుచున్నవాని హృదయముననే అహంకారము సుఖముగా కాపురముండగలదని ఆ గ్రంథకర్త యెరుగును.

స్వప్నము, శాపము, విమోచనము

దానియేలు గ్రంథము నెబుకద్నెజరును నాలుగు కథలలో చూపినది. యూదా రాజవంశపు బాలురను తెచ్చి, పేర్లు మార్చి, మూడేండ్లు కల్దీయుల విద్య నేర్పించుట మొదటిది. దానియేలు బెల్తెషాజరాయెను, ఆతని మిత్రులు షద్రకు, మేషాకు, అబేద్నెగోలైరి. రెండవది స్వప్నము: బంగారు తల, వెండి రొమ్ము, ఇత్తడి ఉదరము, ఇనుప కాళ్లు, ఇనుమును మట్టియు కలిసిన పాదములు గల మహావిగ్రహమును చేతిసాయము లేక ఊడివచ్చిన రాయి పొడిపొడి చేయుట. ఆ బంగారు తల నీవేయని దానియేలు చెప్పగా రాజు సంతసించెను; తక్కినభాగమును మరచెను. మూడవది దూరా మైదానమున అరువది మూరల బంగారు ప్రతిమ నిలిపి, మ్రొక్కనివారిని మండుచున్న కొలిమిలో వేయించుట. అగ్నిలో ఆ ముగ్గురు యువకులతో నాల్గవవాడొకడు సంచరించుచుండగా చూచి రాజు నివ్వెరపోయెను, అయినను మారలేదు.

నాలుగవ కథయే ఆతని తీర్పు. ఆకాశమునంటు మహావృక్షమును రాజు కలలో గాంచెను. దాని కొమ్మలలో పక్షులు, నీడలో మృగములు నివసించుచుండెను. దివినుండి దిగిన పరిశుద్ధుడొకడు చెట్టును నరుకుమనియు, మొద్దును మాత్రము ఇనుపకట్టుతో, ఇత్తడికట్టుతో నేలలో విడువుమనియు, వానికి మనుష్యహృదయము పోయి పశుహృదయము కలుగవలెననియు, ఏడు కాలములు గడువవలెననియు ఆజ్ఞాపించెను. దేవదారుల నరికించి, తన నగరము నీడలో లోకమును చేర్చితినని చాటిన రాజునకు తానే నరుకబడు వృక్షముగా కనబడుటకన్న తగిన స్వప్నమేమున్నది?

కల విన్న దానియేలు సంతోషింపలేదు. కొంతసేపు కలవరపడి మౌనముగా నుండెను. తన గుడిని కాల్చిన రాజునకు కీడు రాబోవుచున్నదని తెలిసియు, అది రాజుశత్రువులకు తగులుగాకయని కోరెను. పిమ్మట ఒక హితవు చెప్పెను: నీతి నవలంబించి పాపమును, దీనులపై దయచూపి దోషమును మానుమని. పూజలు పెంచుమనలేదు, క్రొత్త ఆలయము కట్టుమనలేదు. ఇటుకలు మోయు దీనుని వైపు చూడుమనెను. ఈ కథయంతటికి ప్రాణము ఈ హితవే. దండనము వెంటనే రాలేదు. పండ్రెండు మాసములు గడువు దొరకెను.

ఆ గడువు వృథయాయెను. ఏడాది నిండినపిమ్మట రాజు భవనముపై పచారు చేయుచు నగరమును చూచి, తన మహిమకొరకు తన బలముచేత తాను కట్టినదని మురిసెను. ఆ మాట నోటనుండగనే ఆకాశవాణి తీర్పు చెప్పెను. తత్‌క్షణమే ఆతనికి మతి తప్పెను. మనుష్యులు తరిమివేయగా ఎద్దులవలె గడ్డి మేసెను. మంచు ఆతని దేహమును తడిపెను; తలవెండ్రుకలు గ్రద్ద యీకలవలెను, గోళ్లు పక్షిగోళ్లవలెను పెరిగెను. కాలములు నిండినప్పుడు ఆతడు చేసిన పని ఒక్కటే: పైకి చూచెను. చూచినంతనే బుద్ధి తిరిగి వచ్చెను, మంత్రులు వెదకుకొనుచు వచ్చిరి, రాజ్యము నిలిచెను. ఈ యధ్యాయము రాజే తన ప్రజలకు వ్రాసిన లేఖరూపమున నుండుట విశేషము.

మన భారతములోని నహుషుడు ఇచ్చట జ్ఞప్తికి రాకమానడు. ఇంద్రపదవి లభింపగా కన్నుగానక, మహర్షులచేత పల్లకి మోయించి, అగస్త్యుని శాపమున కొండచిలువయై అడవిలో బడియుండెను. తుదకు అరణ్యపర్వమున ధర్మరాజు చెప్పిన ధర్మములు విని విముక్తుడయ్యెను. దేశములు వేరు, దేవతలు వేరు. అయినను, అధికారముచేత ఒడలు మరచినవాడు మనుష్యత్వమునే కోల్పోవునని రెండు జాతులును తెలిసికొన్నవి. ఇరువురకును విముక్తి యుండుట మరింత గమనింపదగినది.

చరిత్రయు కథయు

నెబుకద్నెజరు ఏడేండ్లు మతిచలించి తిరిగినట్లు బబులోను పలకలు చెప్పవు. కాని ఆతని తరువాత నాల్గవరాజైన నబోనిదస్ రాజధానిని కొడుకు బెల్షస్సరునకు విడిచి, అరేబియా ఎడారిలోని తేమా పట్టణమున పదేండ్లు గడిపినమాట చారిత్రకసత్యము. మృతసముద్రము చెంతనున్న కుమ్రాను గుహలలో దొరికిన ఒక ప్రాచీనపత్రమున నబోనిదస్ తేమాలో ఏడేండ్లు రోగపీడితుడై యుండెననియు, ఒక యూదుడు ఆతనికి దేవుని మహిమను బోధించెననియు నున్నది. 1956లో ఇది వెల్లడియైనది మొదలు, తొలుత నబోనిదసును గూర్చి పుట్టిన కథయే నెబుకద్నెజరు పేరునకు మారినదని పెక్కుమంది పండితులు తలచుచున్నారు. దానియేలు గ్రంథము ప్రస్తుతరూపమును క్రీ.పూ. 2వ శతాబ్దమున, అంతియొకస్ అను గ్రీకురాజు యెరూషలేము దేవాలయమును అపవిత్రము చేసి యూదులను హింసించిన దినములలో, పొందెనని వారి యభిప్రాయము.

పేరు మారుటలో అర్థమున్నది. నబోనిదస్ యూదులకు చేసిన కీడు లేదు. గుడిని కాల్చినవాడు నెబుకద్నెజరు. దుఃఖము ఎవరివలన కలిగెనో తీర్పు వానికి చెందవలెనని ప్రజాహృదయము కోరుట సహజము. అంతియొకసు హింసకు గురియైనవారికి ఈ కథ గొప్ప ధైర్యమొసగియుండును: ఇంతకన్న గొప్పరాజు నేలబడి గడ్డి మేసెను, ఈతడెంత! అయినను, పగతీర్చుకొను కథయైనచో రాజు గడ్డిలోనే చచ్చియుండును. మొద్దు నేలలో మిగులుట, బుద్ధి తిరిగివచ్చుట పగవాడు వ్రాయు మాటలు కావు. సిద్కియా కన్నులను పెరికించిన రాజునకు ఆ సిద్కియా జాతివారే తమ కథలో చూపును తిరిగి ప్రసాదించిరి. దాని తరువాతి యధ్యాయమున బెల్షస్సరు ఒక్క రాత్రిలోనే హతుడాయెను. ఈ వృత్తాంతమంతయు ఎరిగియుండియు ఆతడు తగ్గకుండుటయే అందులకు కారణమని గ్రంథము చెప్పినది.

నెబుకద్నెజరు క్రీ.పూ. 562లో మరణించెను. ఆతని కుమారుడు ఎవీల్మెరోదకు, చెరలో 37వ యేట నున్న యెహోయాకీనును బందీగృహమునుండి విడిపించి, తన బల్లయొద్ద భోజనము పెట్టెను. వారసుని రక్షింపుమను ప్రార్థనయే పేరుగా గల తండ్రి కుమారుడు రెండేండ్లకే బావమరిదిచేత హతుడాయెను. క్రీ.పూ. 539లో పారసీక రాజు కోరెషు బబులోనులో ప్రవేశించెను. ఆతని యనుమతితో యూదులు తిరిగి వెళ్లి గుడి కట్టుకొనిరి.

1980 ప్రాంతములలో ఇరాకు పాలకుడు సద్దాం హుస్సేన్ ఆ శిథిలములపై క్రొత్తగోడలు కట్టించి, నెబుకద్నెజరును అనుకరించి ఇటుకలపై తన పేరు ముద్రింపించెను. 2003లో ఆతని యేలుబడి ముగిసెను. విదేశసేనలు ఆ శిథిలములలోనే గుడారములు వేసెను. 2019లో యునెస్కో బబులోనును ప్రపంచవారసత్వస్థలముగా ప్రకటించెను. రెండుకాలముల ఇటుకలును నేడచ్చట ఒకదానిపై నొకటి యున్నవి. వానిపై పాలకుల పేర్లున్నవి. మోసినవారి పేర్లు లేవు. పేరు లేని ఆ దీనులపై దయచూపుమని దానియేలు చెప్పిన హితవును మాత్రము ఆ జాతి నేటికిని చదువుకొనుచున్నది.